కోణం మారితే కొనం

"అన్నీ అంటువేనండి, ముట్టుకోకండి" అన్నాడు నర్సరీ అచ్చిబాబు, మామిడి మొక్కలు చూపిస్తూ.

ఉదయ్‌కుమార్ చెవిలో పడేసరికి అది "అన్నీ అంటువ్యాధండి, ముట్టుకోకండి" అయి కూర్చుంది. తప్పు సగం లారీది. పక్క నర్సరీలోకి వెనక్కి నడుస్తూ అది కుయ్ కుయ్‌మని మొత్తుకుంటోంది. మిగతా సగం రాజమండ్రిది. ఆ ఊళ్ళో పుట్టి, పెళ్ళి వీడియోలు తీసుకుంటూ పెరిగిన ఉదయ్‌కుమార్‌కి అంటు అంటే సింకులో గిన్నెలు, కాకపోతే జ్వరం. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క తల కోసి, దాని మీద బంగినపల్లి పుల్ల పెట్టి, టేపు చుట్టి, రెండు ప్రాణాల్నీ ఒకటి చేసే అంటు కూడా ఒకటుందని అతనికి కడియం దాకా వచ్చినా తెలియదు.

చాచిన చెయ్యి చటుక్కున లాగేసుకున్నాడు.

"అయ్యబాబోయ్! ఎన్నాళ్ళయిందండీ?"

"ఆరు వారాలండి. ఇంకా పచ్చిగానే ఉంది. కదిపితే ఊడిపోద్ది."

"అన్నిటికీనా?"

"ఆయ్. మూడువేలకీ."

"అసలెలా వచ్చిందండీ?"

"రావడమేంటండీ బాబూ, మేమే ఎక్కించాం! నేనూ, ఇదిగో ఈ సత్యకుమారీ. రోజుకి రెండొందలు ఎక్కించేస్తదండి, మనిషి కాదు, మిషను."

పన్నెండేళ్ళుగా ఆ నర్సరీలో అంట్లు కడుతున్న సత్యకుమారి చాకు ఊపి నవ్వింది.

"మరి... వీటిని అమ్మేస్తారా?"

"అమ్మక, పెంచి పెళ్ళి చేస్తామా? వచ్చే వారం ఒరిస్సా లోడు. దేశమంతా అంటించడమే కదండీ మా పని!"

అచ్చిబాబుకి మాటని రెండుగా చీల్చందే తిన్నది అరగదు. ఆ ఆఖరి మాట అన్నందుకు తరవాత నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

ఉదయ్‌కుమార్ వచ్చింది నిజానికి కడియం పూల అందాలు తీసి తన ఛానెల్లో పెట్టుకోడానికి. అందాలు అందరికీ దొరుకుతాయి. ఆపద దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి. అది తనకే దొరికిందనుకున్నాడు. అబద్ధం ఆడాలని కాదు పాపం, లోకాన్ని కాపాడుతున్నాననే నమ్మాడు. అయితే కెమెరా పట్టిన ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. అప్పగింతల్లో కునికిపాట్లు పడుతున్న మామగారిని కూడా కన్నీళ్ళు దిగమింగుకుంటున్నట్టు చూపించిన చెయ్యి.

నేల మీద బోర్లా పడుకుని కిందనుంచి తీశాడు. అయిదడుగుల మూడంగుళాల అచ్చిబాబు ఆకాశానికి అడ్డంగా లేచి నిలబడ్డాడు. మొక్కలకి ఎండ తగలకుండా తల మీద కట్టిన పచ్చ నెట్టు లోంచి దిగిన వెలుగుకి మొహం పాచి పట్టినట్టుంది. తరవాత మొక్కకి చుట్టిన టేపు దగ్గరికి వెళ్ళాడు, ఇంకా దగ్గరికి, పుండు మీది గుడ్డ దగ్గరికి వెళ్ళినట్టు. కట్టిన కట్టునే చూపించి కట్టుకథ కట్టాడు. మామిడి లేతాకు పుట్టడమే రాగిరంగులో పుడుతుంది. ఇంటికెళ్ళి దానికి ఇంకాస్త పసుపు కలిపాడు. కెమెరాకి కామెర్లొచ్చి, ఆకులన్నీ తుప్పు పట్టిపోయాయి. వెనక ఉన్న ఎకరం పచ్చదనం మసకలో కలిసిపోయింది. కింద పెద్ద అక్షరాలు, "అన్నీ అంటువ్యాధండి". వెనక గుండె ఆగిపోతున్నట్టు డుబ్బు డుబ్బుమని చప్పుడు.

ఇదే సంగతి ఉదయ్‌కుమార్ రాజమండ్రి బస్టాండులో నిలబడి నోటితో చెప్పి ఉంటే పదిమందీ "ఏంటోనండి" అని బస్సెక్కేసేవారు. వీడియో చూసినవాళ్ళు మాత్రం ఆగి, ఇంకో పదిమందికి పంపారు.

నాలుగో రోజున, ఊళ్ళో మొక్కల లోడ్లు కుదిర్చే ఏజెంటు మురళీకృష్ణ ఫోన్ చేశాడు.

"అచ్చిబాబు గారూ, ఒరిస్సా వాళ్ళు వద్దన్నారండి."

"మీరు పాతికేళ్ళుగా నా మొక్కలు లారీ ఎక్కిస్తున్నారు మురళీకృష్ణ గారూ. మీకు తెలీదా అంటు అంటే?"

"నాకెందుకు తెలీదండీ! కానీ నేను కొనేవాణ్ణి కాదుగా, కొనిపించేవాణ్ణి. కొనేవాళ్ళు చూసేశారు."

అచ్చిబాబు ఫోన్ పెట్టేసి మొక్కల వంక చూశాడు. మామిడి మొక్కని నాటేది వానాకాలంలోనే. శ్రావణం దాటితే అడిగేవాడుండడు. అమ్ముడుపోని మొక్క కవర్లోనే వేరు చుట్టలు చుట్టుకుని, అడుగు చీల్చుకుని నేలలోకి దిగిపోతుంది. అప్పుడు లాగితే చస్తుంది. ఈ మూడువేలూ పోతే కౌలు నేల చేజారుతుంది, నర్సరీ ఉండదు. మిగిలేది అచ్చిబాబు, అతని చాకు.

"మొక్కకి తెగులు లేదు దుర్గా! వాడి తెలుగుకి తెగులు!" అని ఇంటికొచ్చి అరిచాడు.

"మీ అరుపులూ, మీ రెండర్థాలూ ఆపండి" అంది భార్య వెంకటదుర్గ. "దేశమంతా అంటిస్తానని ఎవడనమన్నాడు మిమ్మల్ని? పదండి. మీరు నిజం చెప్పండి, నేను తీస్తాను."

మధ్యాహ్నం మూడింటి ఎండలో తీసింది. సూర్యుడు వెనకుంటే అచ్చిబాబు మొహం బొగ్గయింది. ఇటు తిప్పితే ఎండ కళ్ళలో కొట్టి కళ్ళు చికిలించాడు. అతను పీట మీద కూర్చున్నాడు, ఆవిడ నిలబడి పైనుంచి తీసింది. పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టినట్టే ఉంది. పైగా అతను కెమెరా వంక చూడలేదు, ఆవిడ వంక చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో సంజాయిషీ ఎటు చూసి చెప్పాలో అలవాటైపోయింది కదా. చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. ఒక మూల ఆవిడ బొటనవేలు కూడా పడింది.

వీడియో పెట్టగానే కింద జనం రాశారు. "కళ్ళలోకి చూడట్లేదు." "పక్కనుంచి ఎవరో చెప్పిస్తున్నారు." "నిజం చెప్పేవాడికి అంత చెమటెందుకు?"

"ఎండండీ బాబూ, ఎండ!" అన్నాడు అచ్చిబాబు ఫోన్‌తో. ఫోన్ వినిపించుకోలేదు.

ఊరుకోనిది సత్యకుమారి. ఉదయ్‌కుమార్ నంబరు సంపాదించి, వస్తావా రమ్మంటావా అంది. వచ్చాడు. పీట మీద కూర్చోబెట్టి, చేతికి చాకిచ్చింది.

"కొయ్యి. చీల్చు. ఆ పుల్ల దీంట్లో దింపు. ఇప్పుడు టేపు చుట్టు. ఆ... ఇదీ అంటు. ఏం బాబూ, నీకేమన్నా అంటుకుందా?"

ఉదయ్‌కుమార్ తను చుట్టిన టేపుని వేలితో తడిమి చూశాడు. "తప్పు విన్నానండి" అన్నాడు.

"వినడం ఒక్కటేనా? నువ్వు కోణం మార్చావు నాయనా, వాళ్ళు కొనం అన్నారు" అన్నాడు అచ్చిబాబు. తన మాటకి తనే నవ్వబోయి, నవ్వు రాక, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఉదయ్‌కుమార్ ఆ వీడియో తీసేశాడు. అప్పటికే దానికి పిల్లలు పుట్టి, ఊరూరా కాపురాలు పెట్టేశాయి. సరే, ఇంకొకటి తీస్తానన్నాడు. తెల్లారగట్ల వచ్చాడు. వాన బొట్టు ఆకు మీంచి జారడం తీశాడు. డ్రోన్ ఎగరేసి పైనుంచి కడియం మొత్తాన్ని తివాచీలా పరిచాడు. ఇస్త్రీ చొక్కాలో అచ్చిబాబు ఎండపొడలో మెల్లగా నడిచొచ్చి, చిగురుని తాకి నవ్వాడు. వెనక వేణువు.

"మన పెళ్ళిలో కూడా ఇంత బాగా లేరండి" అంది వెంకటదుర్గ.

జనానికీ అలాగే అనిపించింది. "యాడ్ అదిరింది" అన్నారు. "ఇంత అందంగా తీశారంటే ఏదో దాస్తున్నారు" అన్నారు. బాగా తీయకపోతే దొంగలా ఉన్నాడు, బాగా తీస్తే నటుడిలా ఉన్నాడు. ఈ రెండింటికీ మధ్య అచ్చిబాబు ఎక్కడుంటాడో చూపించే కెమెరా ఉదయ్‌కుమార్ దగ్గర లేదు.

ఒక మధ్యాహ్నం నెట్టు కింద కూర్చుని అచ్చిబాబు ఆ మొదటి వీడియోనే మళ్ళీ పెట్టుకున్నాడు. సౌండు తీసేసి చూశాడు. పచ్చటి మొహం, చేతిలో చాకు, తుప్పు పట్టిన ఆకులు. ఎవడో వీడు, వీడి దగ్గర నేనైతే కొనను అనుకున్నాడు. అనుకున్నాక, ఎదురుగా ఉన్న తన మొక్క ఆకుని తిప్పి, అడుగున ఏమన్నా ఉందేమోనని చూశాడు.

శ్రావణం రెండో వారంలో మురళీకృష్ణ ఆఖరి ప్రయత్నంగా ఒరిస్సా పెద్దమనిషిని వీడియో కాల్లోకి తెచ్చి, లోడింగు షెడ్డులో బల్ల మీద ఫోన్ నిలబెట్టాడు. చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు వచ్చారు, అంట్లు కట్టే ఆడవాళ్ళు వచ్చారు. ఉదయ్‌కుమార్ లేచి, చేతులు కట్టుకుని, అందరికీ చెప్పాడు.

"వీరు 'అంటువేనండి' అన్నారండి. లారీ వెనక్కొస్తూ మొత్తుకుంటోందండి. నేను 'అంటువ్యాధండి' అని విన్నానండి. ఎక్కించామంటే రోగం ఎక్కించారనుకున్నానండి. కట్టు చూసి పుండనుకున్నాను. తప్పంతా నాదేనండి."

షెడ్డంతా ఘొల్లుమంది. "వ్యాధికీ, వేకీ తేడా తెలీకపోతే ఎలా బాబూ!" అని ఎవరో అన్నారు. సత్యకుమారి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వెంకటదుర్గ నవ్వింది. మురళీకృష్ణ ఒక్కో మాటా విడదీసి, అంటు ఏంటో, వ్యాధి ఏంటో, హిందీలో ఫోన్‌కి చెప్పాడు. తెర మీద ఒరిస్సా పెద్దమనిషి తలూపుతూ విన్నాడు. అర్థమై, అతనూ నవ్వాడు. అచ్చిబాబు గుండె నెల రోజుల తరవాత మొదటిసారి తేలికపడింది.

పెద్దమనిషి ఏదో అన్నాడు. మురళీకృష్ణ తెలుగు చెయ్యలేదు.

"ఏమంటారండీ?" అన్నాడు అచ్చిబాబు.

"అంతా అర్థమైందంటున్నారండి."

"మరి లోడు?"

మురళీకృష్ణ ఫోన్ వంక చూశాడు, అతని వంక చూడలేదు.

"వాళ్ళకి తెలుగు రాదు కదండీ. ఆ మాట వాళ్ళసలు వినలేదంట. సౌండు తీసేసి చూశారంట."