శుక్రవారం చప్పట్లు

కట్టుడు పళ్ళసెట్లు తయారుచేసే ఆ వర్క్‌షాపులో ఒకప్పుడు ఒకే ఒక్క పెద్ద బల్ల ఉండేది. నలుగురూ దాని చుట్టూ మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళు. మధ్యలో ఒక స్టీలు పళ్ళెం. ఎవరి సెట్టు చెడినా తీసుకెళ్ళి అందులో పడేయాలి. టీ తాగేటప్పుడు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, తిప్పి తిప్పి చూసి, చెడగొట్టినవాళ్ళ పరువు తీసేవాళ్ళు. ఆ వారమంతా ఎగతాళి తప్పేది కాదు. కానీ ఆ తప్పు మళ్ళీ ఎవరూ చేసేవాళ్ళు కాదు.

ఈ ఏర్పాటు యజమానికి నచ్చలేదు. యజమాని అంటే అక్కడ అందరూ పెద్దక్క అని పిలిచే పాత పనిమంతురాలికి స్వయానా బావ, అక్క మొగుడు. పళ్ళ గురించి ఆయనకు తెలిసింది పొద్దున్నే తోముకోవడం వరకే. ఏదో హోటల్లో రెండ్రోజుల శిక్షణకు వెళ్ళొచ్చి, పనిచేసే చోట మనుషులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరుకుంటాడా? ముందు ఆ బల్ల తీయించాడు. నలుగురినీ నాలుగు గోడలవైపు తిప్పి కూర్చోబెట్టి, మధ్యలో అట్టల అడ్డాలు పెట్టించాడు. చెడిపోయిన సరుకుని అసహ్యంగా ప్రదర్శనకు పెట్టడమేమిటని పళ్ళెం పారేయించాడు. ఇలా ఎవరి పని ఎవరికీ కనపడకుండా చేశాక, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడానికి శుక్రవారం మీటింగు పెట్టాడు.

మీటింగులో ఒక్కొక్కరూ లేచి తాము బాగా చేసిన పని ఒకటి చెప్పాలి. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. చెప్పినవాళ్ళకి గోడమీది చార్టులో ఒక నక్షత్రం. సెట్టు చెడగొడితే ఉన్న నక్షత్రం ఊడుతుంది. పాలిష్ పట్టే ఆయన ప్రతివారం బ్రష్షు కడుక్కోవడం గురించే మాటలు మార్చి చెప్పి, నక్షత్రాలు పోగేశాడు.

ఇదంతా చూస్తే పెద్దక్కకి ఒళ్ళు మండేది. బావ తెలివి మీద ఆమెకి ఎన్నడూ భ్రమల్లేవు. అయినా శుక్రవారం రాగానే ముందు కుర్చీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది. వర్క్‌షాపుకి ఇన్‌చార్జిని పెడతానని బావ అన్నాడు మరి. నక్షత్రాలు ఎక్కువున్నవాళ్ళకే ఆ ఉద్యోగం. మరదలైనా సరే, రూలంటే రూలే అని అక్క ఇంట్లో భోజనాల దగ్గర గొప్పగా చెప్పేవాడు. ఆమె తలూపి ముద్ద మింగేది.

ఇంతలో బావ చవగ్గా దొరికిందని సెట్ల తయారీకి కొత్తరకం పొడి తెచ్చాడు. పొడి కలిపి అచ్చులో కూరి, నీళ్ళలో ఉడికించి, చల్లారాక తెరవడం పద్ధతి. పాత పొడి మంచిది, కాస్త వేడిమీద తెరిచినా ఊరుకునేది. కొత్తది ఊరుకోదు, వంకర తిరుగుతుంది. ఆ సంగతి మొదట తెలిసింది పెద్దక్కకే. ఆమె తెరిచిన సెట్టు బల్లమీద పెడితే అటూ ఇటూ ఊగింది. చుట్టూ చూసింది. అడ్డాల పుణ్యమా అని ఎవరి కంటా పడలేదు. కాగితంలో చుట్టి చేతిసంచిలో వేసుకుని, ఇంటికెళ్ళే దారిలో చెత్తకుండీలో పారేసింది. మర్నాటి నుంచి అచ్చు పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. ఆ శుక్రవారం లేచి, పనిచోటు శుభ్రంగా ఉంచుకోవడం గురించి మాట్లాడి నక్షత్రం తెచ్చుకుంది.

తర్వాత ఆ పొడి దెబ్బ తగిలింది కొత్తావిడకి. ఇద్దరు పిల్లల తల్లి, చేరి ఎన్నాళ్ళో కాలేదు, ఏదీ దాచడం చేతకాని మనిషి. వంకరపోయిన సెట్టుని నేరుగా తీసుకెళ్ళి యజమానికే చూపించింది. మర్నాడు ఇంకోటీ అలాగే పోతే అదీ చూపించింది. ఆయన పొడిని అనుమానించలేదు. తను ఏరికోరి కొన్న పొడి కదా. చెయ్యి కుదరని మనిషిని ఉంచుకోలేనని, నెలాఖరుకి మానేయమని చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు. చేతులు కడుక్కునే చోట పెద్దక్క పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"అక్కా, తెలియక అడుగుతున్నా. ఈ పొడితో మీకెప్పుడైనా ఇలా అయిందా? అయిందంటే ఆ ఒక్క మాట సార్‌తో అనండి చాలు. మీరు చెప్తే నమ్ముతారు."

పెద్దక్క చాలాసేపు సబ్బు రుద్దుకుంది. చార్టులో ఆమెకీ పాలిష్ ఆయనకీ నక్షత్రాలు సరిసమానం. నోరు విప్పితే ఒకటి ఊడుతుంది. బ్రష్షులు కడుక్కునే ఆ మహానుభావుడు రేపు తనకి పని పురమాయిస్తాడు. ఆ తలపుకే ఆమెకి వెగటు పుట్టింది.

"లేదమ్మా," అంది. "నాకెప్పుడూ కాలేదు."

కొత్తావిడకి కోపం రాలేదు. అనుమానం కూడా రాలేదు. అదే పెద్దక్కకి భరించడం కష్టమైంది.

"అయితే లోపం నా చేతిలోనే ఉందన్నమాట. చెప్పి మంచిపని చేశారక్కా. ఇంకోచోట చేరదామనుకున్నా, అక్కడా పాడుచేసేదాన్ని. నెలాఖరుదాకా ఎందుకు, ఇవాళ్టి నుంచే ఈ పని జోలికి పోను."

తడిచేతులు ఏప్రానుకి తుడుచుకుని, దాన్ని విప్పి మడతపెట్టి, పెద్దక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.