టైలరమ్మాయి రెండు నవ్వులు

అచ్చులావిడ పొద్దున్నే గది తలుపు తీసి ముందు చేసే పని, అరల్లో ఉన్న సుద్ద పళ్ళని మెత్తటి గుడ్డతో తుడవడం. పళ్ళ డాక్టరు గదికి వెనకున్న ఆ చిన్న గదిలో గోడ నిండా, వీధిలో వాళ్ళ పళ్ళకి ఆవిడ సుద్దతో పోసిన అచ్చులే. వీధిలో ఎవరైనా వేడి టీ తాగితే వాళ్ళ అచ్చు మీద సన్నగా ఆవిరి లేచేది. మొగుడి మీద కోపంతో ఎవరైనా పళ్ళు నూరితే ఆవిడ అచ్చూ నూరేది. "మెల్లిగా తల్లీ, అరిగిపోతావు" అని అచ్చులావిడ కసిరేది. సుద్ద తడి పీల్చుకున్నట్టే, ఎవరి అచ్చు వాళ్ళ నోటి సంగతి పీల్చుకుంటుంది. అందులో వింతేముంది?

ఆ రోజు టైలరమ్మాయి వచ్చింది. పనిలో వంక పెట్టడానికి లేని పిల్ల. ముందు పళ్ళు మాత్రం ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి, ఒకటి గోధుమరంగుకి తిరిగింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెద్ద బట్టల దుకాణంలో కొలతలు తీసే ఉద్యోగం ఉందని, "పళ్ళు బాగుచేయించుకుని రా, మా దగ్గరికొచ్చేవాళ్ళు ముందు మొహం చూస్తారు" అని అక్కడి మేనేజరమ్మ అంది. కరెంటు మిషను కొనడానికి కూడబెట్టిందంతా తెచ్చి ఆ పిల్ల డాక్టరు బల్ల మీద పెట్టింది.

"ముందు పళ్ళు ఆరింటికీ పింగాణీ తొడుగులు వేసెయ్యండి డాక్టరుగారూ."

డాక్టరు ఆ డబ్బు ముట్టుకోలేదు. "వినమ్మా. తొడుగు అతకాలంటే పంటి పైపొర అరగదియ్యాలి. తీసింది మళ్ళీ మొలవదు, అది గోరు కాదు. చల్లటిది తాగితే జివ్వుమనొచ్చు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ మార్చాలి, మళ్ళీ ఇంత ఖర్చూ పెట్టాలి. ఈలోపు ఊడినా ఊడొచ్చు."

"ఊడనిస్తానా?"

"దారం దేంతో తెంపుతావు?"

ఆ పిల్ల నాలిక ముందుపంటి మీదికి పోయింది.

"రెండచ్చులు ఇస్తాం, ఇంటికి తీసుకెళ్ళు. ఒకటి ఇప్పుడున్న పళ్ళు. రెండోది, తొడుగులు వేస్తే ఎలా ఉంటాయో మైనంతో చేసింది. మైనపుది రోజుకో ఏడాది బతుకుతుంది. చూసుకుని రా."

అచ్చులు ఇంటికి తెస్తే, పెంచిన పెద్దమ్మ గుమ్మంలోనే మూతి విరిచింది. "ఆవిడ చేసిన అచ్చులా? నా కట్టుడుపళ్ళు గుర్రానికి చేసినట్టు చేసింది! ఈనాటికీ నమిలేముందు వాటిని బతిమాలుకోవాలి."

"మళ్ళీ చేయించుకోవచ్చుగా పెద్దమ్మా?"

"చేయించుకుంటే దాన్ని క్షమించినట్టవదూ?"

అచ్చులు రెండూ మిషను పక్కన బల్ల మీద కూర్చున్నాయి. మైనపుది కడిగి ఆరబెట్టిన పింగాణీ గిన్నెల వరసలా ఉంది. ఆ పిల్ల దాన్ని చూస్తూ ఓ చొక్కా చెయ్యి తలకిందులుగా కుట్టేసింది. దాహమేసి చల్లటి నీళ్ళు తాగితే మైనపుది టకటకా వణికింది. దాని పక్కది నిమ్మళంగా ఉంది. కుట్టు ముగిసి దారం పంటితో తెంపగానే మైనపుదాని అంచు టిక్కుమని రాలింది.

అప్పట్నుంచి కత్తెర మెడలో వేలాడేసుకుంది. ఏం లాభం? మాటల్లో పడితే దారం దానంతటదే నోటికి పోయేది. మళ్ళీ టిక్కు. పది రోజులయ్యేసరికి మైనపు పళ్ళు రెండు గుడ్డు పెంకులా చిట్లాయి, చిగుళ్ళ వెంట నల్లటి గీత పడింది.

"అయినా ఉద్యోగం పెద్దమ్మా" అంది ఆ పిల్ల. ఆశ చావలేదు.

అప్పుడొచ్చింది వంకలమ్మ. ఎంత బాగా కుట్టినా ఆవిడకి ఒక చంక బిగుతు, ఇంకో చంక వదులు. కొత్త గౌను తొడుక్కుని, అద్దం ముందు నాలుగు వైపులా తిరిగి, "ఈసారి వంకేమీ దొరకట్లేదే, నా కళ్ళకేమైనా అయిందా?" అంది.

టైలరమ్మాయికి నవ్వాగలేదు. చెయ్యి నోటికి పోయింది. బల్ల మీదున్న అచ్చుకి చెయ్యెక్కడిది? ఎగుడుదిగుడు పళ్ళన్నీ బయటపెట్టి పకపకా నవ్వింది.

వంకలమ్మ దాని ముందుకెళ్ళి వంగింది. "నవ్వితే ఎంత బాగున్నావే! మీ పిల్లక్కూడా కాస్త నేర్పు. నన్ను చూస్తే చాలు నోరు మూసుకుంటుంది, నేనంటే గిట్టదనుకున్నా. అందుకే నేనూ వంకలు పెట్టా."

తన నవ్వుకి రావాల్సిన మెప్పు సుద్దముద్ద కొట్టేసింది. ఆ పిల్లకి ఒళ్ళు మండింది. చెయ్యి దింపేసింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి పోయి, "ఆ గోధుమరంగుది ఒక్కటీ చూడండి చాలు" అంది. పుచ్చు పట్టింది, అది పూడ్చాల్సిందేనని డాక్టరు పూడ్చి, మిగతావి శుభ్రం చేశాడు. వరస కావాలంటే అరగదియ్యకుండా తీగతో మెల్లిగా జరపొచ్చు, తొందరేం లేదన్నాడు.

"ఆ రోజు మీరు డబ్బు తీసుకునుంటే నేను వేయించేసుకునేదాన్నండీ. మీ మేలు మర్చిపోను."

"మేలు నాకేనమ్మా. తొడుగులేసుంటే, వెనకగదిలో నీ అచ్చు రోజూ జివ్వుజివ్వుమంటుంటే నేను అన్నమెలా తినేది?"

ఆ పిల్ల దుకాణానికి పోయి ఉన్న పళ్ళతోనే మేనేజరమ్మకి ఎదురుగా నవ్వింది. ఆలోచించి చెప్తామంది మేనేజరమ్మ. ఇంకా ఆలోచిస్తూనే ఉంది. పెద్దమ్మ ఆ దుకాణంలో మళ్ళీ ఒక్క గుండీ కొనలేదు, కొనదు.

కరెంటు మిషను ఇంటికొచ్చింది. దాని మీద ఆ పిల్ల మొదట కుట్టింది అచ్చులావిడకి, సుద్ద మరకలు పడకుండా బట్టల పైన తొడుక్కునే గౌను. లోతు జేబులు, రెట్టింపు కుట్టు. "నువ్వే ఇచ్చి రావాలి పెద్దమ్మా" అంది. పెద్దమ్మ చాలాసేపు చెప్పులు వెతికింది. అవి కాళ్ళకే ఉన్నాయి.

అచ్చులావిడ స్టూలు జరిపింది. పెద్దమ్మ కూర్చోలేదు. "మా పిల్ల పళ్ళు దక్కాయి. అందుకొచ్చా. అంతవరకే."

అచ్చులావిడ గౌను తొడుక్కుని కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగా కుదిరిందక్కా! నా మెడ కొలత ఎవరూ తియ్యలేదే?"

"నేనే చెప్పా" అంటూ పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. "పీక పిసకాలని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాగా."