నలభై రోజుల బరువు

రాళ్ళ బలం పరీక్షించే ఆ ల్యాబులో ఆమెను అందరూ తాబేలు అనేవారు. మొహం మీదే అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. మిగతావాళ్ళు రాతి ముక్కను ప్రెస్సులో పెట్టి, పది నిమిషాల్లో ఫట్టుమనిపించి, అంకె రాసుకుని టీకి వెళ్ళిపోయేవారు. ఈమె మాత్రం కొద్దిపాటి బరువు పెట్టి, రోజుల తరబడి దాన్నే కనిపెట్టుకుని ఉండేది.

ఆ ఏడు ఉప్పు గని నుంచి పెట్టెల నిండా రాతి ఉప్పు వచ్చింది. గనిలో ఉప్పు తవ్వుకుంటూ పోతూ, పైకప్పు కూలకుండా మధ్యమధ్య ఉప్పునే స్తంభాలుగా వదిలేస్తారు. ఇప్పుడు పాత అంతస్తుకు బాగా దిగువన కొత్తది తెరవబోతున్నారు. అక్కడ స్తంభాలను ఎంత సన్నగా వదలవచ్చో తేల్చమన్నాడు గని చీఫ్ ఇంజనీరు. సన్నగా వదిలితే ఉప్పు ఎక్కువ వస్తుంది మరి.

పది నిమిషాల పరీక్షలో ఉప్పు దర్జాగా నిలబడింది. ఎంతో నొక్కితే గాని పగల్లేదు. ఆ అంకె చూసి చీఫ్ సంబరపడిపోయాడు.

ఆమెకు మాత్రం ఆ అంకె మింగుడుపడలేదు. కారణం వాళ్ళ నాన్న. ఆయన ఆ గనిలోనే ముప్ఫై ఏళ్ళు మేస్త్రిగా చేశాడు. ఒకసారి రెండు స్తంభాల మధ్య సరిగ్గా పట్టేలా పొడుగాటి కర్ర ఒకటి కోసి పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అది ఆ సందులో పట్టలేదు. రెండు వేళ్ళ మందం కోస్తే గాని దూరలేదు. మరుసటి ఏడూ అంతే. స్తంభాలు ఒళ్ళు చేస్తున్నాయని పైవాళ్ళకు చెబితే, చెమ్మకు కర్రే ఉబ్బి ఉంటుందిలే అని నవ్వేశారు. కర్ర మేస్త్రి అని పేరు కూడా పెట్టారు. ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుని చిన్నబుచ్చుకునేవాడు. కూతురు వినేది.

ఆమె నేరుగా చీఫ్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, పది నిమిషాలు తట్టుకున్న ఉప్పు పదేళ్ళలో ఏమవుతుందో ఈ అంకె చెప్పదు. పైగా కింద రాయి యాభై అయిదు డిగ్రీల వేడిలో ఉంటుంది. మన గది పాతిక. నాకు నలభై రోజులు కావాలి."

చీఫ్ మొహం ముడుచుకుని, గోడ మీది క్యాలెండరు వైపు రెండుసార్లు చూసి, చివరికి సరేనన్నాడు.

ఒకే దిమ్మ నుంచి కోసిన రెండు ముక్కలను రెండు ప్రెస్సుల్లో పెట్టింది. గనిలో చుట్టూ ఉన్న ఉప్పు ఒత్తినట్టే నూనెతో పక్కల నుంచి ఒత్తిడి పెట్టింది. రెండింటి మీదా, పది నిమిషాల పరీక్షలో ఉప్పును పగలగొట్టిన బరువులో మూడో వంతే వేసింది. ఒకటి గది చల్లదనంలో, రెండోది యాభై అయిదు డిగ్రీల్లో. సెలవు రోజుల్లో కూడా పొద్దునా సాయంత్రం వెళ్ళి కొలతలు రాసుకునేది. ఆసుపత్రిలో పేషంటును చూడటానికి బయల్దేరావా అని భర్త ఆటపట్టించేవాడు.

పన్నెండో రోజున చీఫ్ ఫోన్ చేసి, చల్లటి ముక్క కదలనే లేదు కదా, ఇంక ఆపేయమన్నాడు. ఆమె ఆపలేదు. రెండు ముక్కలూ రోజురోజుకూ ఎంత కుంగాయో రెండు గీతలుగా ఒకే కాగితం మీద గీసి పంపింది. చల్లటి ముక్క గీత దాదాపు నేలబారుగా ఉంది. వేడి ముక్క గీత రోజూ కొంచెం కొంచెంగా ఎక్కుతూనే ఉంది. ఆయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

నలభయ్యో రోజున రెండూ బయటికి తీసింది. చల్లటిది పెట్టినది పెట్టినట్టే ఉంది. వేడిది పొట్టిదై, నడుము దగ్గర చిన్న పీపాలా ఉబ్బింది. ఎంత వెతికినా ఒక్క పగులు లేదు. ఆమెకు గుండె నిండినట్టయింది. ముందుగా నాన్నకు ఫోన్ చేసి, రేపు మంచి చొక్కా వేసుకుని తనతో రమ్మంది.

మర్నాడు చీఫ్ ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఇది పగల్లేదు సార్, కుంగి పక్కలకు సాగింది," అంది ఆమె. "వేడి ఉన్నంత కాలం, బరువు దిగనంత కాలం సాగుతూనే ఉంటుంది. స్తంభం సన్నగా ఉంటే ఇంకా తొందరగా కుంగుతుంది. దానితోపాటే పైకప్పూ."

ఈ అనుమానం ఎలా వచ్చిందని ఆయన అడిగాడు.

"నాకు రాలేదు. మా నాన్నకు వచ్చింది. పన్నెండేళ్ళు కొలిచారు."

నాన్న జేబులోంచి నలిగిన పుస్తకం తీశాడు. ఏ ఏడు ఎంత కర్ర కోశాడో పెన్సిలుతో వరసగా రాసి ఉంది. చీఫ్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, లేచి, తన పక్కన కుర్చీ లాగి ఆయన్ను కూర్చోమన్నాడు. ఏ స్తంభాలు ఎక్కువ ఉబ్బేవని మర్యాదగా అడిగాడు.

"ఉక్కగా ఉన్న చోటల్లా ఎక్కువండీ," అన్నాడు నాన్న. "గాలి బాగా ఆడే దారుల్లో తక్కువ. ఎందుకో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు మా అమ్మాయి చెప్పింది."

సాయంత్రానికల్లా కొత్త అంతస్తు స్తంభాలు పాతవాటికన్నా లావుగా ఉండాలని తేలింది. రిపోర్టులో మొదటి పట్టిక నాన్న కొలతలదే కావాలని చీఫే అన్నాడు.

తిరుగు బస్సులో నాన్న పక్కసీటాయనకు కూతురు చేసిన పని మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ముక్క ఎలా ఉబ్బిందో రెండు చేతులతో చూపించాడు. వాళ్ళు దిగాల్సిన స్టాపు దాటిపోయింది. నాన్న ఇంకా ఇరవయ్యో రోజు దగ్గరే ఉన్నాడు. ఆమె ఆయన్ను ఆపలేదు.