ముప్పైఒక్క వేలిముద్రలు

మా వదిన యాసిడ్ తొట్టి పక్కన కుప్పకూలితే మేస్త్రీ ముందు తొట్టిలోకి చూశాడు. ఒలకలేదని తెలిశాకే మనిషి వైపు తిరిగాడు.

మా షెడ్డుకి పాత ఫోన్లు, కంప్యూటర్లు లారీలకొద్దీ వస్తాయి. వాటి లోపలి పచ్చ పలకల్ని వేడి యాసిడ్‌లో నానబెడితే పిసరంత బంగారం ఊడి వస్తుంది. పొగ మా గుండెల్లోకి పోతుంది. వదిన అక్కడ నిలబడి ఏడాది. అంతకుముందు నిలబడింది నేను.

ఎలా తప్పించుకున్నానో చెప్పాలి.

ఏడో తరగతితో నా చదువు ఆగింది. ఆ మాత్రానికే షెడ్డులో నన్ను పంతులమ్మ అంటారు. మిగతా అందరూ వేలిముద్రలే. కాన్పయి తిరిగొచ్చాక, చంటిదానికి పాలిస్తున్నాను, పొగ దగ్గర వద్దని మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను. నా చేతికి రిజిస్టర్ ఇచ్చాడు. అందరికీ గ్లవుజులు, మాస్కులు ఇచ్చినట్టు నెలనెలా రాయాలి. ఇచ్చింది ఏనాడూ లేదు. పైగా వాళ్ల వేళ్లు యాసిడ్‌కి గులకరాళ్లలా నున్నబడ్డాయి. సిరాలో ముంచి ఒత్తితే మరక తప్ప గీత పడదు.

"మరకలు చూస్తే కంపెనీవాళ్లు ఆరా తీస్తారు. ఇంట్లో ఉన్న నాలుగు నెలల్లో నీ వేలికి గీతలొచ్చాయిగా, నువ్వే వెయ్యి" అన్నాడు మేస్త్రీ.

నా పేరు పక్కన సంతకం చేసి, ముప్పైఒక్క పేర్ల పక్కన నా బొటనవేలు ఒత్తాను. తొట్టి దగ్గరికి వదిన వెళ్లింది. "పసిదాని తల్లివి, నేనున్నాలే" అంది. వేలి సిరాని చీరకుచ్చెళ్లలో తుడుచుకున్నాను.

వదిన ఆసుపత్రిలో పడ్డ మర్నాడు అందరం గేటు ముందు కూర్చున్నాం. వైద్యం చేయించే దాకా కదలమన్నాం. సరుకు పంపే ఫోన్ల కంపెనీ ఆఫీసరు వచ్చి రిజిస్టర్ తెరిచాడు.

"మాస్కు ఇచ్చారు. ఆమె పెట్టుకోలేదు. మా బాధ్యత లేదు."

"మాస్కా? తెల్లగా ఉంటుందా, నల్లగా ఉంటుందా నాయనా?" అంది స్క్రూడ్రైవరత్త. నడుములో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంటుంది. షెడ్డులో అందరికంటే పెద్దది, నోరు దానికంటే పెద్దది. "ఫోను కొత్తగా ఉన్నప్పుడు నీది, చచ్చాక మాదా? దాని విషం కూడా నీ సరుకే!"

"ముద్రలు మీవేగా?" అన్నాడు ఆఫీసరు.

చంకలో పాప నా మంగళసూత్రం చప్పరిస్తోంది. నోరు విప్పితే జైలు. విప్పకపోతే వదిన ఊపిరి నా వేలి కిందే ఆగిపోతుంది.

"ఆ ముద్రలన్నీ నావి సార్. ముప్పైఒకటీ ఒకే వేలు."

"ఒసే పాపిష్టిదానా!" ఎవరో నా జుట్టు పట్టుకున్నారు. "మా ప్రాణాలు అమ్ముకుని నీ పిల్లకి పాలిచ్చావే!"

కాదనలేకపోయాను.

"వదలవే, దాని సంగతి తర్వాత" అంటూ స్క్రూడ్రైవరత్త రిజిస్టర్ లాక్కుంది. "ముందు మన వేళ్లు చూపిద్దాం."

రిజిస్టర్‌తో పాటు ఉండే సిరా డబ్బా చేతులు మారింది. ముప్పై మంది ఒకరి తర్వాత ఒకరు ఖాళీ పేజీ మీద ఒత్తారు. ఒక్క గీతైనా లేదు. ముప్పై నల్ల మరకలు.

"ఇవీ మా ముద్రలు. వెళ్లి మీ పెద్దాయనకి చెప్పు!" అంది అత్త.

ఆఫీసరు చెయ్యి చాపాడు. అత్త రిజిస్టర్‌ని నేలమీద పడేసి దానిపై బాసింపట్టు వేసుక్కూర్చుంది. "కోర్టుకైతే ఇస్తాం. నీకివ్వం." ఆమె చుట్టూ మిగతావాళ్లు కూర్చున్నారు. కాచేవాళ్లు లేక లోపల తొట్టి చల్లారిపోయింది.

మేస్త్రీ ఫోను చేశాడు. దొంగ ముద్రల కేసంటూ నన్ను తీసుకెళ్లడానికి పోలీసు జీపు వచ్చింది. పాపని నా జుట్టు పట్టుకున్న మనిషే అందుకుంది. "క్షమించానని అనుకోకు" అంది. పాపకి మాత్రం కొంగు కప్పింది.

స్టేషన్లో సంతకం చాలన్నారు.

"వేలిముద్ర కూడా తీసుకోండి సార్" అన్నాను. "ఆ రిజిస్టర్‌తో పోల్చి చూడాలిగా."