ఆఖరి కోత

పదో తరగతి చదువుతూనే నేను లేతు పని నేర్చుకున్నాను. మా స్కూలువాళ్ళు వారానికి రెండు రోజులు ఏదో ఒక పని నేర్చుకు రమ్మని బయటికి పంపేవారు. అందరూ కంప్యూటర్ షాపులకు ఎగబడితే నేను మా మావయ్య షెడ్డుకు వెళ్ళాను. "ఆడపిల్లకి ఇనప పనేంటే, చేతులు కాలిపోతాయి," అంది అమ్మ. "వంటింట్లో కాలట్లేదా?" అన్నాను. నా నోటికి జడిసి ఊరుకుంది.

మావయ్య అమ్మకు అన్న. కొలతలో వెంట్రుకంత తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేవాడు. అలాంటి మనిషికి నిరుడు చేతులు వణకడం మొదలైంది. డాక్టరు మందు రాసిచ్చాడు. "దీనికీ తగ్గకపోతే షెడ్డు మూసెయ్యడమేనే, కోడలు పిల్లా," అని నవ్వాడు.

లేతు మీద గిర్రున తిరిగే ఇనప కడ్డీని కొంచెం కొంచెంగా చెక్కుతూ కొలతకు తేవాలి. చివర్న సన్నటి కోత ఒకటుంటుంది. ఆయన చెయ్యి అక్కడే తప్పేది. మందం కొలిచే మైక్రోమీటరు మీద గీతలు, వాటినే పాయింట్లంటాం, ఆయన కంటికి ఆనవు కాబట్టి కొలత చదివేది నేను. ఎక్కువున్నా తక్కువున్నా, "సరిగ్గా సరిపోయింది మావయ్యా" అనేదాన్ని. ఆయన టీకి వెళ్ళగానే ఆ ఆఖరి కోత నేను కోసేదాన్ని. తక్కువైపోయినవాటిని తుక్కులో పారేసి, కొత్తవి చేసి పెట్టేదాన్ని.

మావయ్య మురిసిపోయాడు. మందు భలే పనిచేస్తోందని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. డాక్టరు మళ్ళీ రమ్మంటే, తగ్గిపోయాక ఇంకెందుకని వెళ్ళలేదు. కూరలో ఉప్పెక్కువైతే వీధంతా వినపడేలా అరిచే దాన్ని, అప్పుడు మాత్రం నోరు మూసుకు కూర్చున్నాను.

లెక్కల పరీక్ష రోజు నేను షెడ్డుకు వెళ్ళలేదు. పాత ఖాతాదారు తెచ్చిన షాఫ్టును మావయ్య ఒక్కడే కోశాడు. చెయ్యి బాగైందన్న ధీమాతో కొలత ఎవరికీ చూపించలేదు. మర్నాడు అది వెనక్కి వచ్చింది. కొలత తక్కువైంది. ఎక్కువైతే మళ్ళీ చెక్కొచ్చు, కోసేసిన ఇనుము అతుక్కోదు.

మావయ్య తుక్కు కుప్పలో నేను పారేసిన కడ్డీలు చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు నన్ను.

"మూణ్ణెల్ల నుంచి."

తిట్టినా బాగుండేది. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే అయింది. ఆ మూడు నెలల వైద్యం నా చేతులారా నేనే చెడగొట్టాను.

"ఇవాళ ఉన్నదున్నట్టు చెప్పు," అంటూ మావయ్య కొత్త కడ్డీ బిగించాడు. కోశాక మిషన్ ఆపి నా వంక చూశాడు.

"పన్నెండు పాయింట్లు తక్కువ," అన్నాను.

రెండోది కోశాడు. ఇరవై తక్కువ.

మూడోది కోసేటప్పుడు మోచేతిని నడుముకు గట్టిగా అదుముకున్నాడు. అయినా వణికింది. కొలత చూశాను. పెదవులు మాత్రం కదిపాను.

"కాస్త గట్టిగా చెప్పవే," అన్నాడు మావయ్య. "ఈ మిషన్ రొదలో వినపడట్లేదు."

మిషన్ ఆగే ఉంది.