దివాకర్ సారు మర్యాద ఇంగ్లీషు

జడ్చర్ల బస్టాండు ఎదురుంగ, మందుల షాపు మీది అంతస్తుల దివాకర్ సారు స్పోకెన్ ఇంగ్లీషు చెప్తడు. ఎండకాలంల గూడ టై ఇప్పడు. చెమట ఆ టైతోనే తుడుచుకుంటడు.

మా బిడ్డ శ్రీవాణి డిగ్రీ అయినంక మందు గోలీలు తయారుచేసే కంపెనీల కొలువుకు పెట్టుకున్నది. అది రాకుంటే మల్ల మాతోని పత్తి ఏరుడే. ఇంటర్వ్యూ ఇంగ్లీషుల ఉంటదంటే ఈయన దగ్గర చేర్పించిన. మొదటి దినం నేను గూడ ఎనుక బెంచీల కూసున్న.

'ఐ కెన్ వర్క్' అంటే కూలోళ్ల మాటనట. 'ఐ కెన్ బీ వర్కింగ్' అంటే ఆఫీసరు మాటనట. తెలుగుల 'అండి' తగిలించినట్టు ఇంగ్లీషుల బీ, ఇంగ్ తగిలించాలె, కెన్ వచ్చినా విల్ వచ్చినా షుడ్ వచ్చినా మర్యాద ఇడువొద్దన్నడు. పిల్లలందరు తలకాయలూపిన్రు. మర్యాదను పచ్చడి లెక్క అన్నిట్ల అద్దుకుంటరని నాకు అప్పటిదాక తెల్వదు.

ఇంట్ల గూడ అదే మోత. మా అమ్మ అన్నం తింటవా అంటే 'ఐ విల్ బీ ఈటింగ్' అనేది బిడ్డ.

"తింటవా తినవా చెప్పవే, గిన్నె కడుక్కోవాలె" అనేది మా అమ్మ.

ఇంటర్వ్యూల శ్రీవాణి కంటె ముందు ఆ సారు బ్యాచి పిలగాడు మల్లేశ్ పోయిండు. తలుపు బయట కూసున్న మా బిడ్డకు లోపలి మాటలు ఇనవడ్డయట. రాత్రి డ్యూటీ చేస్తవా అంటే 'ఐ కెన్ బీ వర్కింగ్' అన్నడు. మిషను ఆగితే ఏం చేస్తవంటే 'ఐ షుడ్ బీ కాలింగ్' అన్నడు. ఆఫీసర్లు పగలబడి నవ్విన్రు. వాళ్లు ఎక్కడోళ్లు? మన దిక్కోళ్లే. వాళ్లు గూడ మొన్న నేర్చిన ఇంగ్లీషుకే గంత నవ్వు.

మా బిడ్డ లోపలికి పోయేసరికి మల్ల నవ్వుదామని నోళ్లు సగం తెరిచి పెట్టుకున్నరట. అదే ప్రశ్న అడిగిన్రు.

'ఐ కెన్ వర్క్' అన్నది.

ఒకాయన కాయితాలల్ల సారు సర్టిఫికెట్ చూసి తెలుగులకు దిగి, "నువ్వు టై సారు దగ్గర నేర్వలేదా?" అన్నడు.

"నేర్చిన సార్. కొలువు కావాలెనని తలుపు బయట్నే ఇడిసిపెట్టొచ్చిన."

కొలువొచ్చింది. వారానికల్లా బస్టాండు కాడ ఫ్లెక్సీ లేచింది. నడుమ నిలువెత్తు దివాకర్ సారు, మూలకు స్టాంపు బిళ్లంత మా బిడ్డ. కింద 'మా విజయం' అని ఉన్నది. మల్లేశ్ బొమ్మ ఎక్కడా లేదు.

మీదికి పోయి ఆ ఫ్లెక్సీ నాకియ్యమన్న. ఊర్ల కడతవా అని సారు మురిసిండు. ఊ అన్న. ఆయనే ఇప్పించి, సుట్టి, బండికి కట్టిచ్చిండు.

బిడ్డ బొమ్మ మటుకు కోసి తీసి, మిగిలింది దొడ్లె గడ్డివాముకు కప్పిన, సారు మొకం వానదిక్కు పెట్టి. ఈ వానకాలమంత ఆయన పనికొచ్చిండు.