మా వాడికేం తక్కువ

నోట్లో గుప్పెడు మేకులు పోసుకుని అతను సోఫా చట్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాలుకతో ఒక్కో మేకునూ తిప్పి పెదాల మధ్యకు తెస్తాడు. అయస్కాంతం సుత్తిని పెదాలకు తాకించి దాన్ని అందుకుంటాడు. ఒక దెబ్బకు నిలబెడతాడు, రెండో దెబ్బకు దించుతాడు. పాతికేళ్లుగా అదే పని. వర్క్‌షాపులో అతన్ని అందరూ మేకులాయన అంటారు. ఆ పేరు పెట్టింది వడ్రంగి. "మనవాడు మాట్లాడకపోవడం గర్వం కాదు, నోరు తెరిస్తే మేకు మింగుతాడని భయం" అని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాడు.

ఆ రోజు నవారు పట్టీలు బిగించే పని. పట్టీ ఒక కొస మేకులతో కొట్టి, రెండో కొసను ఎడమ చేత్తో చట్రం అంచు దాకా లాగి, వీణ తీగలా బిగిశాక కుడిచేత్తో మేకు దించాలి. అతను లాగాడు. మణికట్టు వణికింది. పట్టీ జారిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ జారింది.

"రాత్రి నిద్ర లేదా బావా?" అన్నాడు వడ్రంగి. చుట్టరికం ఏమీ లేదు. వడ్రంగికి లోకంలో మగవాళ్లంతా బావలే.

అతను తల అడ్డంగా ఊపాడు. వడ్రంగి రంపం పక్కన పెట్టి వచ్చి, అడక్కుండానే పట్టీ అందుకుని బిగపట్టాడు. అతను మేకు దించాడు. ఇన్నేళ్లలో అతని పట్టీని ఇంకొకరు పట్టడం అదే మొదలు.

మనిషి కొన్నాళ్లుగా అలాగే తయారయ్యాడు. చొక్కా భుజాల దగ్గర వదులై పొట్ట దగ్గర బిగుతైంది. రోజూ గీసుకునే గడ్డం ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి గీసినా సరిపోతోంది. మధ్యాహ్నం తిన్నాక ఫోమ్ దిమ్మలకు ఆనుకుంటే కళ్లు వాటంతట అవే మూతలు పడుతున్నాయి. షుగరేమోనని ఆసుపత్రికి వెళ్లాడు. ఆ ఉదయమే, పనికి వచ్చే ముందు, డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి చెప్పింది.

"షుగరేం లేదు. రెండుసార్లు పొద్దున్నే రక్తం తీసి చూశాం కదా, రెండుసార్లూ మగ హార్మోను బాగా తక్కువగా ఉంది. మెదడు పని చెయ్యమని గట్టిగానే చెబుతోంది, బీజాలే చెయ్యలేకపోతున్నాయి. వయసులో ఉండగా గవదబిళ్లలు ఏమన్నా వచ్చాయా?"

"వచ్చాయి. పద్దెనిమిదో ఏట."

బుగ్గలతో పాటు కింద కూడా వాచింది. వారం రోజులు మంచం మీద కాళ్లు ఎడంగా పెట్టుకుని పడుకున్నాడు. వాపు తగ్గాక ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

"పిల్లలు?"

"లేరు."

"ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

అతను గోడ పక్కనున్న బరువు తూచే యంత్రం వైపు చూశాడు. "మా ఆవిడ చేయించుకుంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. తర్వాత మందు సంగతి నెమ్మదిగా చెప్పింది. రోజూ భుజాలకు రాసుకునే జెల్లు ఉంది, కాదంటే ఇంజెక్షన్ ఉంది. ఓపిక, కండ, కోరిక కొంతవరకు తిరిగి రావచ్చు, అందరికీ ఒకేలా ఉండదు. రక్తం చిక్కబడుతోందేమో, ప్రోస్టేటు ఎలా ఉందో మధ్యమధ్య చూపించుకోవాలి. జెల్లు రాసుకున్న చోటు భార్యకు తగలనివ్వకూడదు.

ఆ ఇంట్లో అదొక్కటీ కష్టం కాదు అనుకున్నాడు అతను.

"ఇంకో విషయం. ఇది మొదలుపెడితే వీర్యకణాలు ఏ కాస్త మిగిలున్నా అవీ ఆగిపోతాయి. ఇంకా పిల్లల ఆలోచన ఉంటే ముందు ఆ పరీక్ష చేయించుకోండి. కొంప మునిగే తొందరేం లేదు. ఇంట్లో మాట్లాడుకుని రండి."

సాయంత్రం దాకా అతను పట్టీలు కొడుతూనే ఉన్నాడు. మాట్లాడుకుని రావడం ఎలాగన్నదే తెలియలేదు. పెళ్లయిన మూడో ఏడు అతని తల్లి మొదలుపెట్టింది. "మా వాడికేం తక్కువ?" అని పక్కింటివాళ్లతో అంది. చుట్టాలతో అంది. చివరికి కోడలి ముఖం మీదే అంది. కోడలు మందులు మింగింది, సూదులు పొడిపించుకుంది, పొట్టలో గొట్టం వేయించుకుంది. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ అతను తోడు వెళ్లేవాడు. బయట బెంచీ మీద ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తోడు వెళ్తున్నాను కదా, అంతకంటే మొగుడు చేసేదేముంటుంది అనుకునేవాడు. ఒకసారి ఆమె, "మీరు కూడా ఒక పరీక్ష చేయించుకోవాలంటున్నారు" అంది. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం అక్కడే ఉండిపోయింది. తల్లి పోయింది. ఆవిడ అన్న మాట మాత్రం ఇంట్లోంచి కదల్లేదు.

తర్వాత తర్వాత అతను గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఓ రోజు జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వచ్చి అతని ఎదురుగా అటూ ఇటూ తిరిగింది. చూశాడు. బాగుందని కూడా అనుకున్నాడు. అనలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె ఎత్తుపీట ఎక్కి సీలింగ్ ఫ్యాను తుడుస్తోంది. పీట కాలు ఒకటి కుదురుగా లేదు. అతను వెళ్లి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె పాదాలు అతని ముఖానికి ఎదురుగా ఉన్నాయి. ఆ పాదాలతో మాట్లాడటం కాస్త తేలికనిపించింది.

"ఆసుపత్రికి వెళ్లాను."

"షుగరేనా?"

"కాదు. మగ హార్మోను తక్కువంట. డాక్టరమ్మ మందు రాసింది. వాడితే ఇక పిల్లలు పుట్టరంట. నిన్నడిగి రమ్మంది."

పైన గుడ్డ ఆగింది.

"ఎప్పటినుంచి తక్కువంట?"

"మొదట్నుంచీ అయ్యుండొచ్చంది. పద్దెనిమిదేళ్లప్పుడు నాకు గవదబిళ్లలు..."

"తెలుసు. మీ అమ్మగారే ఓసారి మాటల్లో చెప్పారు." ఆమె మళ్లీ తుడవసాగింది. "నాలో ఏ లోపమూ లేదని పెద్దాసుపత్రిలో ఎప్పుడో చెప్పారు. మీ ఆయన్ని తీసుకురామ్మా అన్నారు. మీతో అన్నాను."

"నీలో లోపం లేదన్నారని చెప్పలేదు."

"అది నేను చెప్పాలా? లోపల ఏమన్నారని మీరు ఒక్కసారైనా అడగాలి కదా. అడుగుతారేమోనని చూశాను. మీ అమ్మగారు నలుగురిలో అన్నప్పుడైనా, నేను కూడా చూపించుకోవాలమ్మా అంటారేమోనని చూశాను."

తప్పయింది అనే మాట గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మందు వాడండి. మనిషి సగమయ్యారు. పిల్లల సంగతి నన్నడక్కండి. నాకు నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది." ఆమె గొంతులో కోపం లేదు. "పీట పట్టుకోండి, దిగుతాను."

భోజనాలయ్యాక ఆమె గిన్నెలు తుడుస్తూ చెప్పింది. "అక్క చాన్నాళ్లుగా రమ్మంటోంది. దాని కుట్టుపని షాపులో మనిషి కావాలంట. ఈ ఆదివారం వెళ్తాను."

"ఎన్నాళ్లకి?"

"వెళ్లాక తెలుస్తుంది."

పోట్లాట లేదు. ఉంటే ఆపడానికి ఏదో ఒక చోటు దొరికేదేమో.

ఆదివారం పొద్దున అతనే పెట్టె మోశాడు. మలుపు తిరిగేలోపే చెయ్యి మార్చుకున్నాడు. బస్టాండుకు ఇంకా సగం దారి ఉండగానే ఆయాసం వచ్చి పెట్టె దించాడు. ఆమె ఆగి, అతని ముఖం చూసి, "ఇటివ్వండి" అంది. మిగతా దారంతా పెట్టె ఆమే మోసుకుంది. అతను ఖాళీ చేతులతో పక్కన నడిచాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి, "గ్యాసు అయిపోవచ్చింది, చెప్పి పెట్టండి" అంది.

మరుసటి వారం అతను జెల్లు మొదలుపెట్టాడు. పొద్దున్నే స్నానం చేసి, భుజాలకు రాసుకుని, ఆరేదాకా చొక్కా లేకుండా మంచం మీద కూర్చునేవాడు. తగలకుండా చూసుకోవాల్సిన మనిషి ఇంట్లో లేదు. మొదట తేడా ఏమీ తెలియలేదు. రెండు నెలలు దాటాక మధ్యాహ్నం నిద్ర తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు నవారు పట్టీ లాగితే చెయ్యి వణకలేదు.

"ఏం తింటున్నావు బావా, మాకూ కాస్త చెప్పు" అన్నాడు వడ్రంగి. అతను నోట్లో మేకులు చూపించాడు. వడ్రంగి పడీపడీ నవ్వాడు.

కోరిక కూడా తిరిగి వచ్చింది. తెల్లవారుజామున మెలకువ వచ్చి గోడవైపు నుంచి ఇటు తిరిగితే ఆమె దుప్పటి మడత పెట్టినట్టే ఉండేది. ఒక సాయంత్రం ఆమెకు ఫోను చేశాడు. వెనక కుట్టుమిషను చప్పుడు వినిపించింది.

"మందు పనిచేస్తోందా?" అంది ఆమె.

"చేస్తోంది."

"మంచిది. మానకండి."

అతను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. ఇన్నేళ్లూ అనాల్సింది ఒక్కటే మాట. మిషను ఆగింది. ఆమె ఎదురుచూసింది. "నా వల్ల..." అన్నాడు. ఆమె ఇంకాసేపు ఆగి, "కొలతలకు మనిషొచ్చింది, ఉంటాను" అంది. ఫోను పెట్టేసింది.

సెలవు రోజున అతను స్నానాల గది తలుపు బాగుచేద్దామని కూర్చున్నాడు. అది చాలాకాలంగా కింద గీసుకుంటోంది. బందులు ఊడదీసి, తలుపును ఒక్కడే ఎత్తి, గోడకు ఆనించాడు. తలుపు వెనకవైపు మేకుకు వేడినీళ్ల సంచి వేలాడుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుల్లో ఆమె పొట్టమీద పెట్టుకునేది. రబ్బరు చురుక్కుమంటోందంటే, ఎవరిదో సోఫాకు మిగిలిన ఆకుపచ్చ వెల్వెట్ ముక్కతో అతనే దానికి తొడుగు కుట్టి ఇచ్చాడు. ఒకవైపు వెల్వెట్ ఇంకా కొత్తగానే ఉంది. ఆమె ఒంటికి ఆనినవైపు మాత్రం నూగంతా అరిగి, లోపలి నేత బయటపడి, పలచటి గుడ్డలా ఉంది.